పెట్టెలో చిమ్మట, చెట్టుమీద చిమ్మట

ముప్పయ్యొక్క ఏళ్లు నేను పురుగుల బొమ్మలు వేసి జీతం తీసుకున్నాను. నా పెళ్లి మాటలప్పుడు పిల్ల తండ్రి, అబ్బాయి ఏం చేస్తాడని అడిగితే మా నాన్న "సర్కారు కొలువు" అని ఊరుకున్నాడు. ఆయన వదలకుండా గుచ్చి అడిగితే వ్యవసాయపు ఆఫీసులో రాతపని అన్నాడు. పెళ్లయిన నెలకు నా భార్య నా బల్లమీద గుండుసూదులకు గుచ్చిన మిడతల్ని చూసి, రాతపని అంటే ఇదా అని అడిగింది.

ఈమధ్య ఈ పనిలో కొత్తగా చేరిన ఒక అమ్మాయీ, ఇద్దరు అబ్బాయిలూ మా ఇంటికి వచ్చి అనుభవాలు చెప్పమన్నారు. నోటితో చెబితే నేను దారి తప్పుతాను, రాసి ఇస్తానన్నాను. ఏ యేడు ఏ గ్రేడులో ఉన్నానో, ఎక్కడికి బదిలీ అయ్యానో రాయను. వాటివల్ల మీకు ఉపయోగం లేదు. నర్సీపట్నంలో ఉద్యోగం మొదలుపెట్టిన కొత్తలో ఒక పెద్ద చిమ్మట బొమ్మ వేసి ఒక తప్పు చేశాను. ఆ తప్పు ఎవరిమీద పడిందో, దాన్ని దిద్దుకోవడానికి ఏం చేశామో రాస్తాను. నాకు పని వచ్చింది ఆ రెండేళ్లలోనే. తర్వాత ఇరవై తొమ్మిదేళ్లు దాన్నే వాడుకున్నాను.

లేని కాలు

అది ఇరవయ్యో దశకం నడిమి కాలం. మన్యంలో సర్కారుమీద లేచిన పితూరీ అణిగి ఎంతో కాలం కాలేదు. కొండదారుల్లో పోలీసులు తగ్గారు గాని, సర్కారు ముద్ర ఉన్న కాగితం కనిపిస్తే ఎగువ జనం ఇంకా పక్కకు తప్పుకునేవారు. మా ఆఫీసు ఒక పెంకుటిల్లు. ముందు గదిలో గుమాస్తా, నడిమి గదిలో ఇన్‌స్పెక్టరు వెంకటశివయ్యగారు, వెనక వరండాలో ఉత్తరపు వెలుగు పడేచోట నా బల్ల. ఒక భూతద్దం, నాలుగు కుంచెలు, రంగుబిళ్లల డబ్బా, గీకడానికి ఒక చాకు. అదే నా కొలువు.

మొదటివారంలో వెంకటశివయ్యగారు నాకొక మిడతనిచ్చి గీయమన్నారు. దాని ఎడమ వెనకకాలు పెట్టెలోనే విరిగి పోయింది. నేను కుడికాలు చూసి ఎడమకాలు కూడా గీసేశాను. ఆయన భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఈ కాలు ఎక్కడ చూశావు?"

"రెండోపక్క ఉందండీ. ఇటూ అలాగే ఉంటుంది కదండీ."

"ఉంటుందేమో. నువ్వు చూశావా?"

చూడలేదన్నాను. ఆయన నా చాకు తీసుకుని ఆ కాలును కాగితం మీంచి గీకేశారు. గీకిన చోట పొడిని నోటితో ఊదేసి, "చూసింది గీయి, చూడనిది గీయకు. ఇంతే నీ ఉద్యోగం" అని వెళ్లిపోయారు.

ఆయన మంచి అధికారి. తన పని తనకు తెలుసు, తెలియనిది తెలియదని ఒప్పుకునేవారు. ఒక్క లోపం ఉండేది. అచ్చులో ఉన్న అక్షరాన్ని జనమంతా చదువుతారని నమ్మేవారు. నా లోపం అంతకంటే పెద్దది. నా బొమ్మంటే నాకు మహా ముచ్చట.

పెద్ద బొమ్మ

ఆ ఏడు వానలు వెనకబట్టాక పై ఆఫీసు నుంచి ఒక పార్సెలు వచ్చింది. అందులో ఒక పెద్ద చిమ్మట ఉంది. రెక్కలు చాచి గుచ్చితే ఈ కొసనుంచి ఆ కొసకు దాదాపు జానెడు. ఒక్కో రెక్కమీద ఒక్కో గుండ్రని చుక్క, కన్నులాగా. దాంతోపాటు కోడిగుడ్డుకన్నా కాస్త చిన్నదైన గట్టి పట్టుకాయ, అంటే పురుగు కట్టుకునే గూడు, కుళ్లకుండా సారా పోసిన బుడ్డిలో బొటనవేలంత లావున్న పురుగు. దీన్ని దసలి పురుగంటారనీ, దీని గూడునుంచి తీసేదే దసలి పట్టనీ, మన కొండల్లో నల్లమద్ది చెట్లమీద బతుకుతుందనీ కాగితంలో రాసి ఉంది.

పదకొండు రోజులు వేశాను. చూసింది చూసినట్టు వేశాను. బుడ్డిలో పురుగు మట్టిరంగులో ఉంది, మట్టిరంగే వేశాను. రెక్కల మీద చుక్కల నడుమ తెల్లగా ఉంది, తెలుపే వేశాను. కాయ ఎలా ఉందో అలాగే, నున్నగా, రెండుకొసలా గుండ్రంగా. వెంకటశివయ్యగారు భూతద్దంతో వెతికి ఒక్క తప్పు కూడా పట్టలేకపోయారు.

అదే నెలలో మాకవరపాలెం వైపు రైతులు పైర్లకు పురుగు పడుతోందని అర్జీలు పెట్టారు. పంటకు చేటు చేసే మూడు పురుగుల బొమ్మలతో గోడపత్రిక ఒకటి వేయించాలని పైనుంచి ఉత్తరువు వచ్చింది. వరిదంటు తొలిచేది, వేరుసెనగ ఆకు తినే గొంగళి, ఆముదం మీద వాలేది. మూడూ చిన్న పురుగులే. బొమ్మలు అంచుల్లో పెడితే నడుమ ఖాళీ మిగిలింది. నా చిమ్మట బొమ్మను అక్కడ పెడదామన్నది నేనే. దూరం నుంచి జనం కళ్లు పడతాయని చెప్పాను. ఆయన ఇది పంటపురుగు కాదు గదా అని సందేహించారు. పురుగుల పేర్లు కింద స్పష్టంగా రాద్దామండీ అన్నాను. టపా వెళ్లిపోయే వేళయింది. సరే అన్నారు.

చెన్నపట్నంలో రాతి అచ్చువేసి పంపారు. కార్తీకంలో ఊరూరా చావిడి గోడలమీద అతికించారు. నేను సెలవురోజున పనిగట్టుకుని నాతవరం దాకా నడిచివెళ్లి, గోడమీద నా బొమ్మ చూసుకుని వచ్చాను.

సంతకొచ్చిన మనిషి

మాఘమాసంలో ఒక సంతరోజున మా ఆఫీసు మెట్లదగ్గర ఒక కొండ మనిషి నిలబడి ఉంది. నలభై అయిదేళ్లుంటాయి. పేరు పోలమ్మ. గొలుగొండ దాటి పైన, రెండు పూటలు నడిస్తే వచ్చే చిన్న ఊరు ఆమెది. గుమాస్తా పొమ్మన్నా పోలేదట. పితూరీ రోజుల తర్వాత కొండవాళ్లు సర్కారు ఆఫీసు మెట్టెక్కడం నేనెప్పుడూ చూడలేదు. ఆమె కొంగులోంచి నాలుగు మడతలు పెట్టిన మా గోడపత్రిక తీసింది.

"ఈ బొమ్మ ఏసినోలు ఎవులు బాబూ?"

నేనే అన్నాను. గర్వంగానే అన్నాను.

ఆమె నన్నూ బొమ్మనూ మార్చి మార్చి చూసింది. "బాగేసినావు. అయితే నువ్వు సచ్చినదాన్ని సూసి ఏసినావు."

ఎలా తెలిసిందని అడిగాను. బతికున్నది రెక్కలు ఇలా పైకి లాక్కుని కూర్చోదని చెప్పింది. పురుగు పసరురంగులో ఉంటుందట, నేను బురదరంగు వేశానట. "కాయకి కాడేది? కాడ నేకపోతే సెట్టునెలగ ఏలాడతాది?"

నాకు కోపం వచ్చింది. నేను ఇంకా బొమ్మ గురించే ఆలోచిస్తున్నాను. ఆమె బొమ్మకోసం రాలేదు. మెట్టుమీద కూర్చుని, గొంతు పెంచకుండా, వచ్చిన సంగతి చెప్పింది.

రిజర్వు అడవికి హద్దు గీసిన తర్వాత పైచెట్లమీద కాయలు కోసుకోనివ్వడం లేదట. అందుకని చలికాలంలో వాళ్లు కిందికి దిగి, నాతవరం వైపు పొలంగట్లమీద ఉన్న మద్దిచెట్లనుంచి పట్టుకాయలు కోసుకుంటారు. ఆకు రాలాక కొమ్మకు కాయలే వేలాడుతుంటాయి. రైతులకు వాటితో పని లేదు, కోసుకోనిస్తారు. సంతకు వచ్చే పట్టు బేరగాడికి వాటిని ఇచ్చి, వేసవి నెలలకు సరిపడా గింజలూ ఉప్పూ తీసుకుని వెళ్లేవారు. ఈ ఏడు దిగివచ్చేసరికి గట్లమీద ఒక్క కాయ లేదు. పంటకు చేటు చేసే పురుగు గూళ్లని రైతులు వాటిని కర్రలతో రాలగొట్టి కుప్పలు వేసి తగలబెట్టారు. సర్కారు బొమ్మ వేసి మరీ చెప్పిందని ఒక మునసబు ఇంటింటికీ చెప్పి చేయించాడు.

"దాని కింద అలాగని రాయలేదు" అన్నాను.

"సదూకున్నోలికి రాత. సదూకోనోలికి పెద్ద బొమ్మే పెద్ద దొంగ." ఆమె కాగితం మళ్లీ మడిచింది. "మావోలు ఈ ఏసంగికి ఏటి తినాల? నువ్వే సెప్పు."

 ఆమె కాగితం కొంగులో కట్టుకుని సంతలోకి వెళ్లిపోయింది.

చింపిన కాగితాలు

వెంకటశివయ్యగారితో చెప్పాను. ఆయన పత్రిక తెప్పించుకుని కింది అక్షరాలు మొత్తం చదివారు. "ఎక్కడా తప్పు లేదే" అన్నారు. తర్వాత, పై ఆఫీసుకు రాసి జవాబు వచ్చేదాకా చూద్దామన్నారు. ఆ మాట నాకు హాయిగా ఉంది. తప్పు నాది కాదన్నట్టు వినిపించింది. రెండు సంతలు గడిచాయి. ఆ రెండు వారాలూ నేను వరండాలో కూర్చుని ఆముదప్పురుగు కాళ్లు లెక్కపెట్టుకుంటూ గడిపాను. నా ఉద్యోగంలో సిగ్గుపడే రోజులేవైనా ఉన్నాయంటే అవే. తప్పు బొమ్మ వేసినందుకంత సిగ్గు లేదు, తెలిశాక ఊరుకున్నందుకు ఉంది.

రెండో సంతరోజున గుమాస్తా ఏదో మాటల్లో, ఎస్. రాయవరం వైపు కూడా పత్రికలు అడుగుతున్నారు, పంపుతున్నాం అన్నాడు. అక్కడా గట్లమీద మద్దిచెట్లుంటాయా అని అడిగాను. ఉంటాయేమో నాకేం తెలుసు అన్నాడు. మర్నాడు ఆఫీసుకు వెళ్లకుండా నాతవరం దారి పట్టాను.

మూడురోజుల్లో ఏడు ఊళ్లు తిరిగి, కనిపించిన ప్రతి పత్రికనూ చింపాను. ఒక ఊళ్లో అప్పలనాయుడనే రైతు, పాతికేళ్లవాడు, ఎందుకు చింపుతున్నావని అడ్డం వచ్చాడు. ఆ పురుగు పంటజోలికి రాదనీ, మద్ది ఆకే తింటుందనీ, ఆ బొమ్మ వేసింది నేనేననీ చెప్పాను. 

"మా గట్టుమీదియి రెండు బుట్టలు కాల్సినాను బాబూ. కాయ సిటపటలాడితే లోపల పురుగు సచ్చిందని మా అమ్మకి సూపించినాను." తర్వాత అన్నాడు, "ముందే సెప్పకూడదేటి?"

ఏడో ఊళ్లో మునసబు నన్ను పట్టుకున్నాడు. సర్కారు కాగితం చింపడం అంటే ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. కూర్చోబెట్టి, పేరు రాసుకుని, మా ఆఫీసుకు ఫిర్యాదు పంపాడు. నాలుగోరోజు పొద్దున చింపిన కాగితాల కట్టతో వెంకటశివయ్యగారి బల్లముందు నిలబడ్డాను. మునసబు కాగితం అప్పటికే ఆయన చేతిలో ఉంది.

ఎన్ని చింపావని అడిగారు. చెప్పాను. ఇంకా ఎన్ని ఉన్నాయని అడిగారు. తెలియదన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచారు.

"నేను సంతకం పెట్టిన కాగితం అది. చింపవలసింది నేను" అన్నారు.

మునసబుకూ పై ఆఫీసుకూ ఒకే జవాబు రాశారు. "చిత్రమందు దోషముండుటచే నా ఉత్తరువు ననుసరించి తొలగింపబడినవి" అని. ఆయన నాకు అలాంటి ఉత్తరువేదీ ఇవ్వలేదు. ఆ వాక్యం వల్ల ఆయనకు తర్వాత ఏం ఇబ్బంది కలిగిందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అధికారులు ఎలా ఉండాలని ఎవరైనా అడిగితే నేను ఈ వాక్యం చెబుతాను.

ఆ సాయంత్రం ఆయన నన్ను మళ్లీ పిలిచారు. బొమ్మ చేసిన తప్పును బొమ్మే దిద్దాలన్నారు. తొలకరికి ఎగువకు వెళ్లి, గుడ్డు నుంచి కాయ దాకా కళ్లతో చూసి గీసి తెమ్మన్నారు. ఆ వేసవిలో తన ఇంటి గాదెనుంచి రెండు బళ్ల చోళ్లు, రాగులంటారే అవి, గొలుగొండ దాకా పంపించి, పోలమ్మ ఊరివాళ్లకు కబురుపెట్టారు. అవి ఎక్కడివని ఆమె అడిగితే నేను చెప్పకూడదని నాచేత ఒట్టు వేయించుకున్నారు. ఇప్పుడు ఆయన లేరు, ఆమె లేదు. ఒట్టు తీరిందనుకుంటాను.

ఎగువన

పోలమ్మ నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, ఆదరించనూ లేదు. ఉండమంది. ఆమె ఇంటి చూరుకింద పాతిక ముప్పై పట్టుకాయలు దండలా గుచ్చి వేలాడదీసి ఉన్నాయి. ఎన్ని అవసరాలున్నా విత్తనానికని వాళ్లు కొన్ని కాయలు దాస్తారు. ఆ ఏడు మిగిలింది అవే. అక్కడ నాకు మొదట తెలిసిన సంగతి, కాయకు కాడ ఉంటుందని. పురుగు గూడు కట్టేముందు కొమ్మచుట్టూ పట్టుతో ఉంగరం చుడుతుంది. ఆ ఉంగరంనుంచి గట్టి కాడ దించి, దాని చివర తనను లోపల పెట్టుకుని కాయ అల్లుతుంది. అందుకే ఆకు రాలినా కాయ రాలదు. మా పార్సెలు పంపినవాళ్లు పెట్టెలో పట్టదని కాడ కత్తిరించేశారు. నేను కత్తిరించినదాన్ని చూసి, చూసినట్టే వేశాను.

తొలకరి పడ్డ నాలుగోరోజు సాయంత్రం, ఇంకా వెలుగుండగానే ఒక కాయ కొస తడిసి మెత్తబడింది. పోలమ్మ నన్ను పిలిచి చూపించింది. ఒక తల పైకి వచ్చింది, తర్వాత కాళ్లు, తర్వాత తడిగుడ్డ పిండినట్టు ముడతలుపడ్డ రెక్కలు. అది కాయనే పట్టుకుని వేలాడింది. చూస్తుండగానే రెక్కలు కిందికి సాగి, విప్పుకుని, ఆరాయి. పసుపు తిరిగిన బూడిదరంగు ఆడచిమ్మట. పొద్దున్న వెలుతురులో దాన్ని చూస్తే రెక్కమీద చుక్క నడుమ ఆకు కనిపించింది. వేలు అడ్డం పెట్టాను, వేలు కనిపించింది. ఆ చుక్క తెలుపు కాదు, అసలు రంగే లేదు. పల్చటి గాజుకిటికీ లాంటిది. పెట్టె అడుగున అతికించిన తెల్లకాగితం అందులోంచి కనిపిస్తే నేను తెలుపు వేశాను. భూతద్దం పెట్టి మరీ వేశాను.

ఆడది ఎగరదు. వెదురుబుట్టలో పెట్టి బయట ఉంచితే మగవి అడవిలోంచి వెతుక్కుంటూ వస్తాయి. ఇటుకరంగువి, కాస్త చిన్నవి, మీసాలు దువ్వెనల్లా వెడల్పుగా ఉంటాయి. తెల్లవారి చూసేసరికి బుట్టమీద జంట కట్టి ఉండేవి. అంతదూరం నుంచి దానికెలా తెలుస్తుందని అడిగాను. "వోసన. నీకూ నాకూ తగల్దు. దానికి తగులుతాది" అంది పోలమ్మ.

గుడ్లను ఆకుదొప్పల్లో పెట్టి, రిజర్వు హద్దుకు బయట ఊరి చుట్టూ ఉన్న కొద్ది మద్దిచెట్ల కొమ్మలకు కట్టారు. ఎనిమిది తొమ్మిది రోజులకు పిల్లపురుగులు వచ్చాయి. ముందు తమ గుడ్డుపెంకునే తిన్నాయి. తర్వాత ఆకు. నాలుగుసార్లు చర్మం విడిచాయి, విడిచిన చర్మం కూడా తినేశాయి. ప్రతిసారీ ఇంకాస్త పచ్చగా, ఇంకాస్త లావుగా. చివరికి పక్కల్లో వెండిపొడి అద్దినట్టు చుక్కలు తేలాయి. కాకులను ఉండేలుతో అదిలించడం, ఎర్రచీమలు ఎక్కకుండా మొదళ్లదగ్గర బూడిద పోయడం ఊరందరి పని. నన్ను చెట్టుకింద చుట్ట కాల్చనివ్వలేదు. పొగవాసనకు పురుగు ఆకు తినదట. ఉద్యోగంలో చేరాక అలవాటైన చుట్ట అక్కడే మానేశాను.

పురుగులు నాలుగో చర్మం మీద ఉండగా ఒక మధ్యాహ్నం ఈదురుగాలితో వాన పట్టుకుంది. నేను ఆకుల గొడుగులాంటి గిడుగు కింద కూర్చుని ఆరురోజులుగా వేస్తున్న బొమ్మ చివరి రంగులు వేస్తున్నాను. కొమ్మలు విరిగి పురుగులు నేలమీద పడుతున్నాయి. పోలమ్మా, మిగిలినవాళ్లూ చేటలు పట్టుకుని పరుగెత్తారు. నేను కాగితం బిగించిన పలకను ఒక్కక్షణం చూశాను. గిడుగు తీసి దాన్ని కప్పితే బొమ్మ దక్కుతుంది. కప్పడానికి ఆగలేదు. బురదలోంచి పురుగుల్ని ఏరి చేటలో వేస్తూ చీకటి పడేదాకా తిరిగాం. సగానికి పైగా దక్కాయి. పలకమీద కాగితం పచ్చనీళ్లు కారి తెల్లబడింది.

పోలమ్మ దాన్ని చూసింది. "నీ బొమ్మ పోనాది కదా."

"మళ్లీ వేస్తాను."

ఆ రాత్రి ఆమె నాకు అన్నం తన చేత్తో వడ్డించింది. అంతవరకూ ఆకులో పెట్టి వదిలేసేది. తర్వాత నేను ఆమెను అక్కను పిలిచినట్టు అప్పా అని పిలవడం మొదలుపెట్టాను. ఆమె వద్దనలేదు.

రెండోసారి వేసిన బొమ్మ ఆమెకు చూపిస్తే, పురుగును కిందికి తిప్పమంది. నేను కొమ్మమీద నడుస్తున్నట్టు వేశాను. అది కొమ్మకింద తలకిందులుగా వేలాడుతూ తింటుంది. రెండున్నర నెలలు రోజూ చూసి కూడా నా చెయ్యి పెట్టెలో పురుగునే గీసింది. కళ్లు మారినంత త్వరగా చెయ్యి మారదు. మీకూ అలాగే ఉంటుంది, కంగారుపడకండి.

రెండో పత్రిక

కొత్త గోడపత్రికలో పంటపురుగులు లేవు. ఒక మద్దికొమ్మ, దానికింద వేలాడే పచ్చపురుగు, కాడతో కాయ, కాయను పట్టుకుని రెక్కలు దించుకున్న చిమ్మట. పక్కన పట్టుకాయల దండ పట్టుకున్న రెండు చేతులు. ఇది ఒకరి కూడు అని అక్షరాలు లేకుండా చెప్పడానికి నాకు తోచిన దారి అదే. అవి పోలమ్మ చేతులు. ముఖం కూడా వేస్తానంటే ఒప్పుకోలేదు. "మొకం ఒద్దు బాబూ. ఠాణావోలు సూస్తారు" అంది.

అచ్చుకు పంపేముందు వెంకటశివయ్యగారు స్వయంగా దాన్ని సంతకు పట్టుకెళ్లి, చదువురాని పదిమందికి చూపించి, ఏమర్థమైందని అడిగారు. ఇద్దరు తప్పు చెప్పారు. వాళ్లు చెప్పినదాన్ని బట్టి చేతులు ఇంకా పెద్దవి చేశాను. ఆ తర్వాత నా చేతిమీదుగా వెళ్లిన ఏ పత్రికనూ అలా చూపించకుండా పంపలేదు. ఇప్పుడు కెమెరాలు వచ్చాయి, రంగుల అచ్చు వచ్చింది. అయినా ఈ ఒక్కపని మానకండి. మీ బొమ్మ తప్పని మీ అధికారి చెప్పలేడు. సంతలో ఉల్లిపాయలమ్మే ముసలమ్మ చెబుతుంది.

అప్పలనాయుడి గట్టు

ఆ చలికాలం పోలమ్మవాళ్లు దిగివస్తే నేను వాళ్లవెంట వెళ్లాను. కాయలు తక్కువే. కాయలు రాలగొట్టిన చెట్లకు మళ్లీ పురుగు ఎక్కడానికి ఏళ్లు పడుతుందని అందరం అనుకున్నాం. కాని ఎవరి కళ్లా పడని కాయలు కొన్ని మిగిలి, వాటిలోంచి వచ్చిన ఆడవాటికోసం పైనుంచి మగవి ఎగిరివచ్చాయో ఏమో, కొన్ని గట్లమీద నాలుగైదు చొప్పున కనిపించాయి. కొన్ని ఊళ్లలో రైతులు మమ్మల్ని అనుమానంగా చూశారు. ఎక్కువమంది చూడనట్టు ఊరుకున్నారు. కాల్చమని చెప్పిన మునసబు మాత్రం చావిడిలోంచి లేచి లోపలికి వెళ్లిపోయాడు.

అప్పలనాయుడు తన గట్టుదగ్గర మాకోసం నిలబడి ఉన్నాడు. ఎక్కడెక్కడ కాయలున్నాయో కర్రతో చూపించాడు. పోలమ్మ కోసి బుట్టలో వేసుకుంది. పై కొమ్మన ఒకటి మిగిలింది.

"అదిగో, మరోటుంది. కనపడ్నేదేటి?" అన్నాడతను.

"కనపడింది" అంది పోలమ్మ. బుట్ట నెత్తిన పెట్టుకుని తర్వాతి గట్టుకు నడిచింది.

అతను ఆ కాయవైపు కాసేపు చూశాడు. ఆ వేసవిలో మేకలు కొమ్మలు లాగకుండా మద్దిచెట్టు చుట్టూ ముళ్లకంప వేశాడని తర్వాత విన్నాను.

తొలకరి పడ్డాక అతని దగ్గరనుంచి మా ఆఫీసుకు కబురొచ్చింది. రెక్కలొచ్చాయి, బొమ్మలాయన్ని బేగి రమ్మనండి అని. పొద్దునకల్లా వెళ్లాను. వెంకటశివయ్యగారు కూడా వచ్చారు. ఆయన బతికున్న దసలి చిమ్మటను చూడడం అదే మొదలు. పై కొమ్మన ఖాళీకాయను పట్టుకుని ఆడచిమ్మట ఉంది, పక్కనే ఎక్కణ్ణుంచో వచ్చిన ఇటుకరంగు మగది. అప్పలనాయుడి ఇంటివాళ్లందరూ చెట్టుకింద నిలబడి, ఎవరినీ కంపదాటి రానివ్వడం లేదు. వెంకటశివయ్యగారు భూతద్దం జేబులోంచి తీసి, మళ్లీ జేబులోనే పెట్టుకుని, తల ఎత్తి చూస్తూ నిలబడ్డారు.

అప్పలనాయుడి తల్లి చెట్టు మొదట్లో ఒక కొబ్బరిచిప్పతో బెల్లపునీళ్లు పెట్టింది. ఎవరికని అడిగాను. వాటికే అంది.

"అవి తినవమ్మా. రెక్కలొచ్చాక వాటికి తినడానికి నోరుండదు. పురుగుగా ఉన్నప్పుడు తిన్నదే. గుడ్లు పెట్టేదాకా దానితోనే బతుకుతాయి."

ఆమెకు నమ్మకం కుదరలేదు. "మరి అడవినుంచి ఇంతదూరం ఒట్టి కడుపుతోనే వొచ్చినాదా బాబూ?"

అవునన్నాను. ఆమె మగచిమ్మటవైపు చూసి ఇంట్లోకి వెళ్లింది. నేను కంపపక్కన కూర్చుని పలకమీద కాగితం బిగించి, గీయడం మొదలుపెట్టాను. ఎండెక్కేసరికి తలతిప్పి చూశాను. ఆమె ఇంట్లోంచి వెడల్పు పళ్లెం తెచ్చి, దాన్నిండా నీళ్లుపోసి, చీమలు పట్టకుండా చిప్పను దాని నడుమ పెడుతోంది.